ధీరజ్ గాడి చేదు మాత్రలు

మా వాడు మాత్ర వేసుకోవడానికి ఏడవడం మానేసిన రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఈ మాట వింటే ఎవరైనా నన్ను పిచ్చిదాన్ని అనుకుంటారు. అనుకోనివ్వండి. పిల్లాడు మందుకి పేచీ పెట్టకపోతే ఏ తల్లయినా దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. నేను మాత్రం ఇంట్లో ఏదో జరుగుతోందని కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర నా పని. గుండు పప్పు ఒక పక్కకి, బద్ద ఇంకో పక్కకి, మచ్చ ఉన్నది వేరే తట్టలోకి. పొద్దస్తమానం మచ్చలు వెతికే కళ్లు ఇంటికొచ్చాక ఊరుకోమంటే ఊరుకుంటాయా?

ముందు సంగతి ముందు చెప్పాలి. మా ధీరజ్ ఒకటో తరగతి. ఒకనాడు పొద్దున్న లేచేసరికి వాడి కళ్లు ఉబ్బి ఉన్నాయి. దోమ కుట్టిందనుకున్నాం. మర్నాటికి మొహం, ఆ మర్నాటికి పాదాలు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో పాదాలు వాచాయంటే ఎవరూ నోరు తెరిచి ఏమీ అననక్కర్లేదు. మా మావగారు నూకయ్యకీ మొదట పాదాలే వాచాయి. చివరికి పలాసలో డయాలిసిస్ మంచం మీద నుంచి ఇంటికి తెచ్చుకున్నాం, అంతే. ధీరజ్ పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. మా ఆయన అప్పలసూరి ఆటో నడుపుతాడు. అప్పటికప్పుడు అందులోనే టెక్కలి తీసుకెళ్లాం.

పిల్లల డాక్టరు మాధవీలత గారు పరీక్షలన్నీ చేయించి కూర్చోబెట్టి చెప్పింది. "ఇది మీ మావగారికి వచ్చిన జబ్బు కాదమ్మా. పిల్లల్లో వచ్చేది వేరు. ఒంట్లో ఉండాల్సిన ప్రొటీను మూత్రంలో పోతోంది. ఈ మాత్రలు మానకుండా వేస్తే చాలామంది పిల్లలకి తగ్గిపోతుంది. మానకుండా అంటే మానకుండానే. మధ్యలో వదిలేస్తే మళ్లీ వాపు వస్తుంది, రెండోసారి అంత తేలిగ్గా లొంగకపోవచ్చు." మొహం గుండ్రంగా అవుతుందని, ఆకలి బాగా పెరుగుతుందని, అది మందు గుణమే కాబట్టి కంగారు పడొద్దని కూడా చెప్పింది. మిఠాయి అని చెప్పి మాత్రం పెట్టొద్దంది. అలా అలవాటైతే ఏదో ఒక రోజు ఎవరూ లేనప్పుడు డబ్బా అంతా మింగేస్తారట పిల్లలు.

చెప్పడం తేలికే. ఆ మాత్ర చేదు నేనూ నాలిక మీద పెట్టి చూశాను. మధ్యాహ్నం అన్నం కూడా చేదుగానే తగిలింది. అరటిపండులో పెట్టాను, పండు తిని మాత్ర ఊసేశాడు. బెల్లంలో నూరి పెట్టాను, బెల్లం అంటేనే పారిపోవడం మొదలుపెట్టాడు. పెరుగులో కలిపాను, తేనెలో కలిపాను, కొబ్బరి కోరులో దాచాను. వాడి నాలిక నా కళ్లని మించిపోయింది. ఆఖరికి వాళ్ల నాన్న చేతులు పట్టుకుంటే, నేను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ముక్కు మూసి చెంచాతో పోసేదాన్ని. సగం లోపలికి, సగం నా చీర మీదికి. ఎంత పోయిందో, ఎంత పోలేదో తెలియక రోజంతా బల్ల దగ్గర అదే దిగులు.

పైగా ఊళ్లో చెప్పుకోలేం. కిడ్నీ అన్న మాట బయటికి వస్తే చాలు, బళ్లో పిల్లలు వాడి పక్కన కూర్చోరు. కడుపులో నులిపురుగులకి మందు అని చెప్పాం. పక్కింటి దేముడమ్మ రోజూ కంచె మీంచి తొంగిచూసి, "పురుగుల మందు ఇన్నాళ్లేత్తారేటే? అవి పురుగులేనా, పాములా?" అనేది.

అలాంటి సమయంలో మా అత్త ఎర్రమ్మ ముందుకొచ్చింది. "నువ్వు డూటీకి ఎల్లిపోవే. ఆడి మందు సంగతి నాను సూసుకుంతాను" అంది.

నేను చేతిలో ఉన్న చెంచా కింద పెట్టి ఆమె మొహం చూశాను. ఎందుకంటే మాత్ర అంటే మా అత్తకి శత్రువు. మావగారు పోయిన తర్వాత ఇంట్లో మందు అనేదాన్ని ఉండనివ్వలేదు. జ్వరం వస్తే మిరియాల కషాయం తాగి దుప్పటి కప్పుకుని పడుకునేది గాని బిళ్ల మింగేది కాదు. "బాగున్న మనిసిని ఆ బిళ్లలే తినీసినాయి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ధీరజ్‌కి మందు మొదలెట్టిన రోజు కూడా గుమ్మంలో నిలబడి, "మల్లీ ఆ బిళ్లలే తెచ్చినారూ" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ ఇప్పుడు మందు వేస్తానంటోంది!

కానీ నాకు దారి లేదు. ఫ్యాక్టరీకి తీసుకెళ్లే ఆటో పొద్దున్నే వచ్చి హారన్ కొడుతుంది. సరే అన్నాను. ఒకటి రెండు రోజుల్లో ఇంట్లో గోల ఆగిపోయింది. దేముడమ్మ తొంగిచూడడం కూడా మానేసింది.

"ఎలా ఏత్తన్నావత్తా?" అని అడిగాను.

"ఏత్తన్నాను గదా. నీకెందుకు?" అంది.

వాణ్ణి దగ్గరికి తీసుకుని అడిగాను. "సెప్పను. మామ్మా నానూ ఒట్టేసుకున్నాం" అన్నాడు.

ఒట్టు ఎందుకు? దాచేది లేకపోతే ఒట్టు దేనికి? నా అనుమానం అక్కడ మొదలైంది. మా అత్త మాత్రలు కొబ్బరి మొక్కల పాదులో పడేస్తోంది, వాడికి ఏ కషాయమో పోసి సరిపెడుతోంది అనుకున్నాను. తన మొగుణ్ణి మందులే చంపాయని నమ్మే మనిషి, ప్రాణంగా పెంచుకున్న మనవడికి అదే మందు చేతులారా ఎందుకు వేస్తుంది? మీరే చెప్పండి.

డాక్టరమ్మ నేర్పినట్టు వాడి మూత్రం గాజు గొట్టంలో పట్టి వేడి చేసి చూశాను. ప్రొటీను పోతుంటే తెల్లగా విరుగుతుంది. విరగలేదు, తేటగా ఉంది. అంటే మందు పడుతోందనేగా? ఇంకొకరైతే అక్కడితో నిశ్చింతగా ఉండేవారు. నాకు మాత్రం ఇవాళ బాగుంది, రేపటి మాటేమిటి అనిపించింది. ఈ పరీక్ష రోజే మాత్ర వేసిందేమో అని కూడా అనిపించింది.

ఇంతలో మాత్రల అట్ట అయిపోవాల్సిన రోజుకంటే ముందే ఖాళీ అయింది. "అత్తా, మాత్రలు ఇంకా ఉండాలే?" అన్నాను.

"కాకెత్తుకుపోనాది" అంది, నా వైపు చూడకుండా.

మా పెరట్లో కాకులు ఎండు చేపలు ఎత్తుకుపోవడం చూశాను, అప్పడాలు ఎత్తుకుపోవడం చూశాను. అంత చేదు మాత్ర ఎత్తుకుపోయే కాకి ఏ ఊళ్లోనూ ఉండదు. ఆ సాయంత్రం కొబ్బరి పాదులన్నీ పుల్లతో కెలికాను. పేడకుప్ప పక్కన వెతికాను. దేముడమ్మ కంచె దగ్గరికి వచ్చి, "ఏటి పోనాదే? ముక్కుపుడకా?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. ఏం పోయిందో చెప్పలేక తల నొప్పి అని లోపలికి వచ్చేశాను. ఒక్క మాత్ర కూడా దొరకలేదు.

అప్పుడు ఇంకో సంగతి కంట్లో పడింది. మా అత్త ఒళ్లు చేస్తోంది. గిద్దెడు అన్నం తినలేక కుక్కకి పెట్టే మనిషి రెండోసారి పెట్టించుకుంటోంది. లోపలికి పోయి ఉండే బుగ్గలు నిండాయి. ధీరజ్‌కి పాలూ గుడ్లూ అని నేను దాచిపెట్టేవి ఈవిడే కానిచ్చేస్తోందా అని కూడా అనుకున్నాను. ఇవాళ తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, కానీ ఆరోజు అనుకున్నాను. దాచిన గుడ్లు లెక్కచూసి మరీ పెట్టాను.

మా ఆయనతో చెబితే కస్సుమన్నాడు. "ఆడు మందుకి ఏడిత్తే నీకు బాధ. ఏడవకపోతే నీకు బాధ. మా యమ్మ మీద అనుమానమేటే నీకు?"

"మీ యమ్మ మీద కాదు మావా, మాత్రల మీద. ఎటు పోతన్నాయో సెప్పు సూద్దాం" అన్నాను. ఆయన ఆటో తుడుచుకోవడానికి పోయాడు.

ఇక నేనే తేల్చుకోవాలనుకున్నాను. మర్నాడు రోజూలాగే క్యారేజీ పట్టుకుని ఫ్యాక్టరీ ఆటో ఎక్కాను. ఊరు దాటి మలుపు తిరిగాక కడుపులో నొప్పి అని దిగిపోయాను. జీడితోటలోంచి అడ్డదారిన నడిచి మా పెరటి వైపు వచ్చి, గడ్డివాము పక్కన నిలబడ్డాను. నా ఇంటికి నేను దొంగలా రావాల్సి వచ్చిందని ఒక పక్క రోషం. ఇవాళ దొరుకుతుందని ఇంకో పక్క ఆత్రం.

పెరటి అరుగు మీద మా అత్త కూర్చుని ఉంది. ధీరజ్ బడి బట్టలతో ఎదురుగా నిలబడ్డాడు. ఆమె అట్టలోంచి మాత్ర తీసింది. వాడికి చూపించింది. తన నోట్లో వేసుకుంది, చెంబెత్తి నీళ్లు తాగింది.

పిల్లాడి మందు తింటోంది! క్యారేజీ అక్కడే పడేసి పరిగెత్తాను.

"ఏటత్తా ఇది! పసోడి మందు మింగుతన్నావా? నీకు మనవడు బతకాలని లేదా? నిన్ను నమ్మి నాను డూటీకి ఎల్తన్నానే!" ఇంకా ఏమేమో అన్నాను. నోటికి ఏది వస్తే అది అన్నాను.

మా అత్త చెంబు పట్టుకుని తల వంచుకుంది. ధీరజ్ వచ్చి నా చీర పట్టుకుని గుంజాడు.

"అమ్మా, మామ్మని తిట్టకు! నానే ఏసుకోమన్నాను!"

"నువ్వేటి ఏసుకోమనడమేటిరా?"

"తాత మందులేసుకున్నాడు కదా. సచ్చిపోనాడు కదా. నాను మందేసుకుంటే నానూ సచ్చిపోతాను కదా. ముందు మామ్మ ఏసుకోవాల. మామ్మకేటీ అవ్వకపోతే నాను ఏసుకుంటాను."

చేదు అని పారిపోతున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. ముక్కు మూసి, కాళ్లు నొక్కిపెట్టి పోశాను. వాడు చావు నోట్లో పోస్తున్నారని కొట్టుకున్నాడు. ఎవరికి చెప్పుకుంటాడు? పట్టుకున్నది అమ్మా నాన్నా ఆయె.

నేను అరుగు మీద కూలబడ్డాను. "నువ్వైనా నాకు సెప్పొచ్చు కదా అత్తా. తాత మందుల వల్ల సావలేదురా అని ఆడికి సెప్పొచ్చు కదా" అన్నాను.

"ఎలా సెప్పనే?" అంది మా అత్త, తల ఎత్తకుండానే. "నాకూ అదే బయ్యమయితే ఆడికేటి సెప్పను? నువ్వూ డాట్రమ్మా ఒకటంతన్నారు. నా కళ్లతో నాను సూసింది ఇంకోటి. నువ్వేమో మానకూడదంతన్నావు. అందుకే నాను ముందు ఏసుకుంతన్నాను. ఏటైనా అవుతే నాకే అవ్వనీ, అప్పుడు ఆడికి మాన్పించెయ్యొచ్చు అనుకున్నాను."

అంటే విషం అనుకుంటూనే ఆమె రోజూ మింగింది. మింగి, తనకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు వాడికి వేసింది. నేను ఏ మనిషిని అనుమానించి పాదులు కెలికానో ఆ మనిషి ఈవిడ. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపమే వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ముందు వాడి మాత్రలు వాడికి వేశాను. తర్వాత మా ఆయనకి ఫోన్ చేసి, "ఆటో తీసుకురా. మీ యమ్మని టెక్కలి తీసుకెళ్లాల" అన్నాను.

మాధవీలత గారు అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మా అత్తకి గట్టిగా చీవాట్లు పెట్టింది. వేలి మీద పొడిచి చూస్తే రక్తంలో చక్కెర పెరిగి ఉంది. బుగ్గలు నిండడం, ఆకలి పెరగడం అన్నీ ఆ మందు పనే. "ఇంక వద్దులే అని ఇవాళే మానెయ్యకండమ్మా. ఇన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి" అని ఆమెకీ చీటీ రాసింది. మూలనున్న బొమ్మతో ఆడుకుంటున్న ధీరజ్ ఆట ఆపి ఆ మాట విన్నాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

వాణ్ణి కూడా దగ్గరికి పిలిచి చెప్పింది డాక్టరమ్మ. తాతకి జబ్బు చాలా ముదిరిపోయాక తెలిసిందని, మందులు ఆయన్ని చంపలేదని, నీ జబ్బు వేరని. వాడు తల ఊపాడు. మా అత్త తల కూడా ఊపింది గాని ఆ ఊపులో నమ్మకం పావలా వంతు కూడా లేదు. "ఎలాగూ వచ్చారు, మీరు ఉద్దానం మనిషి కదా, కిడ్నీల కోసం క్రియాటినిన్ రక్త పరీక్ష కూడా చేయించుకోండి" అని డాక్టరమ్మ అంటే మా అత్త దిగ్గున లేచి నిలబడింది.

"నాకొద్దు తల్లీ. తెలుసుకుని ఏటి సేత్తాను? మా ఆయనకి తెలిసిన కాణ్ణుంచే మంచం పట్టినాడు. తెలీనన్నాళ్లూ తోటలో తిరిగినాడు."

ఎంత చెప్పినా వినలేదు. ఆటోలో దారి పొడుగునా మా ఆయన బతిమాలాడు. కిటికీ లేని ఆటోలో కూడా మొహం బయటికి తిప్పుకుని కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇల్లు బాగానే నడిచింది. పొద్దున్నే మామ్మా మనవడూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. వాడి మాత్రలు వాడికి, ఆమె మాత్ర ముక్క ఆమెకి. ఆమె ముక్క రాను రాను చిన్నదైంది. బుగ్గలు మళ్లీ లోపలికి పోయాయి. ఒకనాడు ఆమె మందు అయిపోయింది. వాడిది ఇంకా ఉంది.

ఆ మర్నాడు నాకు ఆలస్యమై ఇంకా ఇంట్లోనే ఉన్నాను. పెరట్లోంచి పెనుగులాట వినబడింది. ఎంతో కాలం తర్వాత మళ్లీ ఆ చప్పుడు. ఇంకేముంది, మళ్లీ మొదలెట్టాడు అనుకుంటూ చీపురు పట్టుకునే వెళ్లాను.

వాడు మా అత్త ఒళ్లో ఎక్కి కూర్చున్నాడు. ఒక చేత్తో ఆమె ముక్కు మూశాడు. ఇంకో చేతి గుప్పిట్లో తన మాత్ర. "నోరు తెరు మామ్మా! తెరు!" అని ఏడుస్తున్నాడు. మా అత్త పళ్లు బిగించి తల అటూ ఇటూ తిప్పుతోంది.

వాణ్ణి లాగి కిందికి దించాను. "ఏటిరా ఇది? నీ మందు నువ్వేసుకోకుండా?"

"మానీసింది! మామ్మ మానీసింది! మానేత్తే పేణం మీదికొత్తాదని డాట్రమ్మ సెప్పినాది! నానిన్నాను!" వాడికి ఊపిరి అందడం లేదు. "నా మందు మామ్మకియ్యి. నాకొద్దు. మామ్మకియ్యి."

మా అత్త వాణ్ణి మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "నా మందు మానలేదురా నాయినా, అయిపోనాది. మెల్లగా తగ్గించీసినారు కదా. నాకేటీ అవ్వదు. నువ్వేసుకో."

వాడు ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బల్ల దగ్గర పప్పుని తిప్పి తిప్పి చూసే చూపు అది. నా కొడుకే వాడు.

"సచ్చిపోవు కదా?"

"సావను."

"రేపు ఉంటావా?"

"ఉంటాను."

"నాను రెండో తరగతికి ఎల్లినప్పుడు?"

"ఉంటాను."

"నాను పెద్దోణ్ణయి ఆటో తోలినప్పుడు?"

ఒట్టి మాటేగా, మా అత్త ఉంటానని అనేస్తే అయిపోయేది. కానీ ఈ పిల్లాడి దగ్గర ఆమె ఇంతవరకూ ఒట్టి మాట అనలేదు. విషమనుకున్న దాన్ని కూడా తను మింగి చూశాకే మాట ఇచ్చింది. వాడు జవాబు కోసం చూస్తున్నాడు. మాత్ర వాడి గుప్పిట్లో చెమటకి తడిసి కరుగుతోంది.

ఆమె వాడి తల మీంచి నా వైపు చూసింది. ఆ కళ్లలో భయం ఉంది. ఈ మనిషిని నేను ఎంత మాట అన్నాను! ఈవిడ లేకపోతే ఈ ఇల్లు ఎలా ఉంటుందో ఆ క్షణంలోనే మొదటిసారి ఆలోచించాను.

"ఝాన్సీ, ఆ రగతం పరీచ్చ ఎక్కడ సేత్తారు?" అంది.

"కాశీబుగ్గలోనే సేత్తారత్తా."

"మా సూరిగాణ్ణి ఆటో తియ్యమను. తెలుసుకోకండా ఈడికి మాటెలా ఇచ్చీగలను?" అని వాణ్ణి దించి లేచి నిలబడింది. వాకిట్లోకి వెళ్లి చెప్పులు వేసుకుంది. మా ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే గట్టు మీద పెట్టి ఆటో దగ్గరికి పరిగెత్తాడు. మళ్లీ మనసు మార్చుకుంటుందేమోనని ఆయనకి భయం, నాకూ భయమే. ఆ పరీక్షలో ఏం వస్తుందో అన్నది అంతకంటే పెద్ద భయం.

ధీరజ్ ఎక్కనంటే ఎక్కనన్నాడు. మామ్మ ఎక్కి కూర్చున్నాకే ఎక్కి పక్కన కూర్చున్నాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని వాడి మొహమే చూస్తున్నాను. ఆటో కదిలింది. మా వీధి దాటింది. రోడ్డెక్కి కాశీబుగ్గ వైపు తిరిగింది. అప్పుడు వాడు గుప్పిట విప్పి, మాత్ర నోట్లో వేసుకుని, నా చేతిలో సీసా లాక్కుని గటగటా తాగాడు.